ఇష్టంగా ఇంగ్లీషు – మన హాస్టలు టైం టేబులు



సంచికకు ఏదైనా రాసి పంపమని మీరు అడిగి నెల దాటింది. కవితలు రాసేవాళ్ళు ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు ఉంటారు. మా నలుగురికీ ఆ విద్య రాదు. అందుకని మేము చేసి చూసిన ఒక పని గురించి రాస్తున్నాం. 2001-02లో పదో తరగతి చదువుతూ మేము ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇంగ్లీషు పీరియడు వచ్చిందంటే ఆఖరి బెంచీ వెతుక్కునేవాళ్ళం. అలాంటి మేము రోజూ కాసేపు ఆ చదువుకు ఇష్టంగా కూర్చోవడానికి ఒక ప్రణాళిక ఎలా వేసుకున్నామో, అందులో ఏది నిలబడిందో, ఏది కూలిపోయిందో చెబుతాం.

ముందు కూలిపోయిందాని సంగతే చెప్పాలి. దసరా సెలవుల నుంచి రాగానే ఒక టైం టేబులు తయారు చేశాం. తెల్లవారుజామున 4 నుంచి 5 వరకు గ్రామరు, 5 నుంచి 6 వరకు వర్డ్ మీనింగులు, రాత్రి 9 నుంచి 10 వరకు ఎస్సేలు. స్కెచ్ పెన్నులతో రంగురంగుల గీతలు గీసి, అన్నం మెతుకులతో ట్రంకు పెట్టె మూత లోపలివైపు అంటించాం. అది నడిచింది మూడు రోజులు. నాలుగో రోజు ఒకడికి జలుబు, అయిదో రోజు కరెంటు లేదు, ఆరో రోజు ఎవరూ ఎవరినీ లేపలేదు. కాగితం మాత్రం ఏడాది పొడుగునా అక్కడే ఉంది. సబ్బు కోసం పెట్టె తెరిచినప్పుడల్లా మొహం తిప్పుకునేవాళ్ళం.

ఎందుకు కూలిందో తర్వాత కూర్చుని ఆలోచిస్తే మూడు సంగతులు తేలాయి. అందులో మాకు ఇష్టమైన పని ఒక్కటీ లేదు. నిద్ర మానుకుని చేయవలసిన పనులే అన్నీ. రెండోది, ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయాలని రాసుకున్నాం. వడ్డీకి తెచ్చిన అప్పులా అది పెరిగిపోయింది. మూడోది అన్నిటికన్నా పెద్దది. ఆ టైం టేబులులో ఎక్కడా నోరు తెరిచే పని లేదు. చదవడం, రాయడం, బట్టీ పట్టడం అంతే.

ఈ మూడోదాని విలువ మాకు మరుసటి ఏడాది తెలిసింది. మా గదిలో అయిదో వాడు ఒకడు ఉండేవాడు. లెక్కల్లో మా నలుగురికీ గురువు వాడే. తర్వాత మేము మొదలుపెట్టిన ఆటల్లోకి వాడు రాలేదు. ఎస్సేలు, లెటర్లు బట్టీ పట్టి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషులో మాకన్నా ఎక్కువ మార్కులే తెచ్చుకున్నాడు. ఇంటరులో ఇంగ్లీషు మీడియం ఎంపీసీలో చేరాడు. మొదటి రోజు ఒక్కొక్కరూ లేచి తమ గురించి ఇంగ్లీషులో చెప్పాలన్నారు. వాడు లేచి పేరు చెప్పి ఆగిపోయాడు. తర్వాతి మాట రాలేదు. క్లాసు నవ్వింది. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినవాడు మళ్ళీ కాలేజీకి రాలేదు. లెక్కలు వచ్చినవాడు లెక్కల క్లాసు వదిలి వెళ్ళిపోయాడు.

మీలో చాలామంది ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలోనే చదువుతున్నారు. అది మాకు లేని వసతి. అయినా పోయినసారి వచ్చినప్పుడు మీతో కూర్చుంటే ఒకటి గమనించాం. సైన్సు జవాబు పేజీ మొత్తం ఆగకుండా అప్పజెబుతున్నారు. అందులోని ఒక మాట మార్చి అడిగితే మొదటి నుంచి మళ్ళీ అందుకుంటున్నారు. కాబట్టి మా అనుభవం మీకూ పనికొస్తుందనే అనుకుంటున్నాం.

వచ్చినది లెక్కపెట్టుకోవడం

రెండోసారి మొదలుపెట్టినప్పుడు, రానిది పక్కన పెట్టి వచ్చినది రాద్దామన్నాడు మాలో ఒకడు. ఒక ఆదివారం బట్టలు ఉతికి ఆరేశాక నలుగురం కూర్చుని, తెలుగులో మాట్లాడేటప్పుడు వాడే ఇంగ్లీషు మాటలన్నీ రాశాం. బస్సు, టికెట్టు, కండక్టరు, లైటు, స్విచ్చి, ఫ్యాను, బెల్లు, ప్లేటు, గ్లాసు, బకెట్టు, మగ్గు, సైకిలు, బ్రేకు, ట్యూబు, పంచరు, డాక్టరు, టాబ్లెట్టు, ఇంజక్షను. మధ్యాహ్నం భోజనం గంట కొట్టేసరికి మూడు వందలు దాటాయి. ఏమీ రాదనుకున్న భాషలో మూడు వందల మాటలు మన నోట్లోనే ఉన్నాయి. మీరూ ఇదే మొదటి పనిగా చేయండి. గొడవలు కూడా వస్తాయి. ఇస్త్రీ, మేస్త్రి, అలమర ఇంగ్లీషేనని మాలో ఒకడు పందెం కాశాడు. అవి పోర్చుగీసు వాళ్ళ దగ్గర నుంచి వచ్చినవని తర్వాత తెలిసింది. పందెం గుడ్డు వాడు ఇప్పటికీ ఇవ్వలేదు.

ఈ జాబితాలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్‌ను బస్సు అంటాం, బుక్‌ను బుక్కు అంటాం. ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు ఆ చివరి ఉకారాన్ని కోసేయాలి. అద్దం ముందు నిలబడి బస్సు–బస్, లైటు–లైట్, గ్లాసు–గ్లాస్ అని జంటలుగా పలికితే వారంలో అలవాటవుతుంది. రెండోది, కొన్ని మాటలకు మన దగ్గర అర్థం మారింది. మనకు హోటలంటే ఇడ్లీ తినే చోటు. ఇంగ్లీషులో హోటల్ అంటే ముందుగా బస చేసే చోటు. మనం కరెంటు పోయిందంటాం. వాళ్ళు పవర్ పోయిందంటారు.

స్పెల్లింగు గురించి ఒక మాట. తెలుగులో రాసినదే చదువుతాం. ఇంగ్లీషులో 26 అక్షరాలతో సుమారు 44 ధ్వనులు పలకాలి. అందులో అచ్చులకు అక్షరాలు అయిదే, ధ్వనులు మాత్రం ఇరవై దాకా ఉన్నాయి. అందుకే కె-ఎన్-ఐ-ఎఫ్-ఇ అని రాసి నైఫ్ అని చదవవలసి వస్తుంది. ఇది మన బుర్రలో లోపం కాదు, ఆ భాష తీరే అంత. కొత్త మాట ఎదురైతే దాని పలుకుబడిని పక్కనే తెలుగు లిపిలో రాసుకోండి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. మన లిపి అందుకు చక్కగా పనికొస్తుంది.

తువ్వాలు ఆట

గ్రామరు మాకు కొరుకుడు పడనిది. మాటల వరుస దగ్గరే తడబడేవాళ్ళం. తెలుగులో క్రియ చివర వస్తుంది: నేను అన్నం తింటాను. ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉంటుంది: ఐ ఈట్ రైస్. మనం బల్ల మీద అంటాం, మీద అనే మాట వెనక వస్తుంది. వాళ్ళు ఆన్ ది టేబుల్ అంటారు, ఆ మాట ముందుకు వెళ్తుంది. ఇది చెబితే అర్థమవుతుంది, మాట్లాడేటప్పుడు మాత్రం మర్చిపోతాం. అందుకని వరండాలో రైలుబండి ఆట కట్టాం. ఒక్కొక్కరూ ఒక మాట రాసిన కాగితం పట్టుకుని బోగీల్లా నిలబడాలి. ఒకడు 'తెలుగు' అని అరిస్తే క్రియ పట్టుకున్నవాడు చివరికి పరుగెత్తాలి. 'ఇంగ్లీషు' అంటే మధ్యలోకి దూరాలి. తప్పుగా నిలబడినవాడు సాయంత్రం అందరికీ మంచినీళ్ళు తేవాలి.

ప్రశ్నలు అడగడం కూడా ఇలాగే నేర్చుకున్నాం. యు ఏట్ రైస్ అంటే నువ్వు అన్నం తిన్నావు. దీన్ని ప్రశ్న చేస్తే డిడ్ యు ఈట్ రైస్. మేమంతా డిడ్ యు ఏట్ అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్ళం. ఆటలో ఏట్ అనేవాడి భుజం మీద ఒక తువ్వాలు వేశాం. ఆ తువ్వాలు జరిగిపోయిన కాలానికి గుర్తు. డిడ్ అనేవాడు వచ్చి ఆ తువ్వాలు లాక్కుని, అందరికన్నా ముందు నిలబడతాడు. తువ్వాలు పోయింది కాబట్టి ఏట్ అనేవాడు మళ్ళీ ఈట్ అయిపోతాడు. ఒకే తువ్వాలు, ఒకరి దగ్గరే ఉంటుంది. షి ఈట్స్ రైస్ అన్నప్పుడు ఈట్స్ చివర ఉండే ఎస్ కూడా అంతే. డజ్ వచ్చి ఆ ఎస్‌ను తనలో కలుపుకుని ముందుకు పోతాడు, డజ్ షి ఈట్ రైస్ మిగులుతుంది. డిడ్ నాట్, డజ్ నాట్ అన్నప్పుడు తువ్వాలు లాక్కున్నవాడు ముందుకు పోకుండా క్రియ పక్కనే నిలబడతాడు. అంతే తేడా. రెండు సాయంత్రాలు ఆడాం. మళ్ళీ ఆ తప్పు చేయలేదు. ఇవాళ్టికీ ఆఫీసులో ఇంగ్లీషులో ప్రశ్న అడగబోతే మాలో ఒకడికి తువ్వాలు గుర్తొస్తుందట.

సుద్దముక్కల డబ్బా

మాటలు నేర్చుకోవడం ఒక ఎత్తు, మర్చిపోకుండా ఉండడం ఇంకో ఎత్తు. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని పదాలను తానే బట్టీ పట్టి, ఎప్పుడెప్పుడు ఎంత మర్చిపోతున్నాడో లెక్కలు కట్టి 1885లో పుస్తకం వేశాడు. నేర్చుకున్న తొలి గంటల్లోనే మరుపు వేగంగా వస్తుందని, తర్వాత నెమ్మదిస్తుందని అందులో తేలింది. మర్చిపోయే వేళకు ఒకసారి తిరగేస్తే మళ్ళీ ఎక్కువ రోజులు నిలుస్తుంది. సెబాస్టియన్ లైట్నర్ అనే పాత్రికేయుడు 1972లో జర్మన్ భాషలో రాసిన పుస్తకంలో దీనికి అట్టపెట్టె పద్ధతి చెప్పాడు. ఈ పేర్లేవీ మాకు అప్పట్లో తెలియవు. మా ట్యూటర్ సారు ఎక్కడో విని పద్ధతి మాత్రం చెప్పారు.

పద్ధతి ఇది. బడిలో ఖాళీ అయిన సుద్దముక్కల డబ్బా ఒకటి తెచ్చుకోండి. అట్టముక్కలు అడ్డంపెట్టి నాలుగు గదులు చేయండి. పాత శుభలేఖలు కత్తిరిస్తే గట్టి కార్డులు వస్తాయి. కార్డుకు ఒకవైపు ఇంగ్లీషు మాట, దానితో మన సొంత వాక్యం ఒకటి. రెండోవైపు పలుకుబడి, తెలుగు అర్థం. కొత్త కార్డు మొదటి గదిలో వేయాలి. మొదటి గది రోజూ చూడాలి, రెండోది మూడు రోజులకు, మూడోది వారానికి, నాలుగోది నెలకు. అర్థం చెప్పగలిగితే కార్డు తర్వాతి గదికి వెళ్తుంది. చెప్పలేకపోతే ఏ గదిలో ఉన్నా మొదటి గదికి వచ్చేయాలి. వైకుంఠపాళిలో పాము మింగినట్టే. ఆట అనిపించేది అందుకే. నాలుగో గదికి చేరిన కార్డులను ఆదివారం లెక్కపెట్టుకుని ఎవరివి ఎక్కువో చూసుకునేవాళ్ళం.

వాక్యం మీ సొంతదే అయి ఉండాలని గట్టిగా చెబుతున్నాం. గైడులోని వాక్యం రాస్తే అది గైడులోనే ఉండిపోతుంది. బారో అనే మాటకు మావాడు రాసుకున్న వాక్యం, ఫలానావాడు నా బకెట్టు బారో చేసి నాలుగు రోజులైంది, ఇంకా ఇవ్వలేదు అని. ఆ మాట మాలో ఎవరికీ మరుపు రాలేదు, బకెట్టు తీసుకున్నవాడికి అసలే రాలేదు.

రోజుకు అయిదు కార్డులు చాలు. ఎక్కువ రాయాలని బుద్ధి పుట్టినా రాయకండి. వారానికి ఆరు రోజులైతే ముప్పై, నలభై వారాల బడి ఏడాదికి 1200. ఇది ఎంత పెద్ద సంఖ్యో చెప్పడానికి ఒక లెక్క. అప్పట్లో మన దేశంలో భాగంగా ఉన్న ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మైకేల్ వెస్ట్ అనే ఆయన, ఇంగ్లీషులో ఎక్కువగా వాడే సుమారు 2000 మూల పదాల జాబితాను 1953లో అచ్చువేశాడు. మామూలు పుస్తకాల్లో ఎదురయ్యే మాటల్లో నూటికి ఎనభై దాకా వాటిలోనివే. కష్టమైన మాటల వెంట పడకుండా బడి పుస్తకంలో మాటిమాటికీ కనిపించే చిన్న మాటలతో మొదలుపెట్టమనడం అందుకే.

గంటలకు తగిలించిన చదువు

హాస్టల్లో మన రోజంతా గంటల మీద నడుస్తుంది. కొత్తగా గంటలు కనిపెట్టే బదులు ఉన్న గంటలకే ఒక్కో పని తగిలించాం. పొద్దున కుళాయి దగ్గర వరుసలో నిలబడే పావుగంట కార్డులకు. ఎలాగూ నిలబడాలి కదా. సాయంత్రం ఆటల గంటలో ఒకడు గోడ మీద కూర్చుని ఇంగ్లీషులో కామెంటరీ చెప్పాలి. 2001 మార్చిలో కోల్‌కతా టెస్టులో లక్ష్మణ్ 281 కొట్టినప్పుడు రేడియోకు చెవులు అప్పగించిన వాళ్ళం మేము. ఆకాశవాణిలో హిందీ, ఇంగ్లీషు వంతులవారీగా వచ్చేవి. ఆ ఇంగ్లీషు మాకు వచ్చనుకునేవాళ్ళం. గోడెక్కి కూర్చున్నాక తెలిసింది ఎంత వచ్చో. హి ఈజ్ రన్నింగ్, హి ఈజ్ రన్నింగ్, అవుట్! మొదటి వారం అంతే. తర్వాత హి త్రోస్ ది బాల్, హి మిసెస్ ఇట్ దాకా వచ్చింది. కబడ్డీకి ఇంకా బాగుంటుంది, మాట వేగంగా రావాలి, వ్యాకరణం ఆలోచించే తీరిక ఉండదు.

రాత్రి స్టడీ అవరులో చివరి పావుగంట పైకి చదవడానికి. పాఠ్యపుస్తకమే కావాలని లేదు. పళ్ళపొడి డబ్బా, ఓఆర్ఎస్ పొట్లం, మందుల అట్ట, ఎరువుల బస్తా, ఏది దొరికితే అది. మందు అట్ట మీద గడువు తేదీ చదవడం వచ్చినవాడు ఇంట్లో అమ్మానాన్నలకు ఎంత అక్కరకు వస్తాడో వేరే చెప్పక్కర్లేదు. వార్తలకు మాత్రం ఒక చిట్కా ఉంది. ముందు తెలుగు వార్తలు వినండి లేదా తెలుగు పేపరు చదవండి. తర్వాత అదే రోజు ఇంగ్లీషు వార్తలు వినండి. విషయం ముందే తెలుసు కాబట్టి మాటలు అందుతాయి. సెలవుల్లో ఇంట్లో ఫోను చేతికి వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ళ చిన్న పాఠాలు ఉచితంగానే దొరుకుతాయి. ఒక్కటి విని ఫోను పక్కన పెట్టి, విన్నది రెండు వాక్యాల్లో ఎవరికైనా చెప్పండి. చెప్పకుండా పది విన్నా ఒకటే.

మేము చేసిన ఒక పొరపాటు కూడా చెప్పాలి. గదిలో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా అని ఒక రూలు పెట్టాం. ఆ సాయంత్రం మా గది అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. ఇంగ్లీషు రాదు, తెలుగు కూడదు, ఇంకేం మాట్లాడతాం! సైగలతో అన్నానికి వెళ్ళి సైగలతో వచ్చాం. మర్నాడే ఆ రూలు తీసేశాం. తెలుగు మాట్లాడినందుకు శిక్ష వేసే ఏ పద్ధతీ మంచిది కాదని మా నలుగురి అభిప్రాయం. దాని బదులు రెండే రూళ్ళు పెట్టుకున్నాం. ఒకడు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే ఎవరూ నవ్వకూడదు, వాడు ముగించాకే తప్పు చెప్పాలి. తప్పిన రోజు తప్పినట్టే, మర్నాటికి అప్పుగా రాయకూడదు. ప్రతి శనివారం రాత్రి ఒక్కొక్కరూ లేచి నిలబడి రెండు నిమిషాలు తమ గురించి చెప్పాలి. ఊరు, ఇంట్లో వాళ్ళు, ఈ వారం జరిగింది ఏదో ఒకటి. మొదట్లో అరనిమిషానికే కూర్చునేవాళ్ళం.

ఇది రాసేముందు మా అయిదో వాడితో మాట్లాడాం. ఇప్పుడు వాడు ఎలక్ట్రీషియన్. మోటార్ల మీద, మీటర్ల మీద ఉన్న ఇంగ్లీషు అంతా చదువుకునే పని చేస్తాడు. ఆ రోజు నీకు ఏం తెలియక ఆగిపోయావురా అని అడిగాం. "తెలియకేంరా, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్ అనడం నాకు రాదా? దాన్ని పదిమందిలో పైకి అనడం అదే మొదటిసారి" అన్నాడు. శనివారం రాత్రి వంతు మానకండి అని మేము ఇన్నిసార్లు చెప్పడం ఆ మాట విన్నాకనే.

జ్వరం లేని లీవ్ లెటరు

మన హాస్టలు పాత లీవ్ లెటర్లు తీసి చూస్తే, ఏళ్ళ తరబడి ఇక్కడ చదివిన ప్రతి కుర్రాడికీ జ్వరమే వచ్చింది. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. అందరికీ వచ్చిన వాక్యం అదొక్కటే మరి. అక్క ఓణీల ఫంక్షనుకూ జ్వరమే, జాతరకూ జ్వరమే. అమ్మ మిరపకోతకు వెళ్తే చెల్లిని చూసుకోవడానికి ఇంటికి వెళ్ళినవాడు కూడా జ్వరమనే రాశాడు. నిజం రాయడానికి వాడికి ఇంగ్లీషు లేదు.

ట్యూటర్ సారు ఒకరోజు ఫీవర్ అనే మాట లేకుండా లీవ్ లెటరు రాసుకురమ్మన్నారు. మా రెండు గంటలు దానికే పట్టాయి. మై మదర్ గోస్ టు ప్లక్ చిల్లీస్. మై సిస్టర్ ఈజ్ త్రీ ఇయర్స్ ఓల్డ్. నోబడీ ఈజ్ ఎట్ హోమ్. మావాడు రాసిన మూడు వాక్యాలు ఇవి. సారు చదివి, ఒక్క తప్పూ దిద్దకుండా, ఇదే వార్డెన్ గారికి ఇవ్వమన్నారు. వాడికి సెలవు దొరికింది. మా ప్రణాళికలో ఆదివారం రాసే పని అప్పటి నుంచి మొదలైంది. వారానికి ఒక లీవ్ లెటరు, ఒకసారి రాసిన కారణం మళ్ళీ రాయకూడదు. మేక ఈనింది, ఇంటి కప్పు కారుతోంది, తాతకు కళ్ళ ఆపరేషను, రేషను కార్డుకు ఫొటో దిగాలి. మన ఇళ్ళల్లో కారణాలకు కొరత లేదు కదా.

ఇదే వరుసలో చదవడానికి ఒక చిన్న రచన చెబుతాం. అంబేడ్కర్ రాసిన వెయిటింగ్ ఫర్ ఎ వీసా. మాకు డిగ్రీలో కానీ చేతికి రాలేదు, మీకు ముందే చెబుతున్నాం. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన ఆయన రచనల సంపుటాల్లో పన్నెండోదానిలో ఉంది. ఆయన చిన్నప్పుడు తోటి పిల్లలతో కలిసి రైల్లో తండ్రి ఉన్న ఊరికి బయలుదేరి మసూరు స్టేషనులో దిగుతాడు. కులం తెలిశాక వాళ్ళకు బండి కట్టేవాడు దొరకడు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకునేటట్టు ఒప్పందమవుతుంది. కొలంబియా, లండన్‌లలో చదివిన మనిషి ఈ కథను ఎంత చిన్న చిన్న మాటల్లో చెప్పాడో చూడండి. తొమ్మిదో తరగతి కుర్రాడు ఒక పేరాకు నాలుగైదు కార్డులు రాసుకుంటే చదివేయగలడు. ఒక రాత్రికి ఒక పేరా, వంతులవారీగా పైకి చదవండి. కొన్నిచోట్ల గొంతు ఆగుతుంది. అప్పుడు పుస్తకం పక్కన పెట్టి తెలుగులోనే మాట్లాడుకోండి.

పరీక్షల సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నాం. అర్ధ సంవత్సరంలో ఇరవై దాటని మేము మార్చిలో నలుగురం పాసయ్యాం. గొప్ప మార్కులేమీ కావు. ఫిబ్రవరి వచ్చాక కామెంటరీ, ఆదివారం లెటరు ఆపి పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు చూసుకున్నాం. కార్డులూ శనివారం వంతూ మాత్రం పరీక్షల ముందు రోజు దాకా ఆపలేదు.

కత్తిరించిన కార్డులతో నింపిన సుద్దముక్కల డబ్బాలు ఆరు, ఈ సంచికతో పాటే వార్డెన్ గారికి పంపుతున్నాం. గదికి ఒకటి చొప్పున అడిగి తీసుకోండి. కార్డులన్నీ ఖాళీగానే ఉన్నాయి, రాసుకోవలసింది మీరే. అందులో ఒక డబ్బా మూత లోపల మా పాత టైం టేబులు కాగితం ఉంటుంది. అన్నం మెతుకుల మరకలు ఇంకా పోలేదు. చూసి నవ్వుకోండి.